మామగారి దగ్గు

మొన్న మధ్యాహ్నం గ్యాసు బండ తెచ్చిన మనిషి గుమ్మం బయట నిలబడి దగ్గాడు. నేను ముందు గదిలో పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఆ దగ్గు చెవిన పడగానే లేచాను. కొంగు భుజం నిండా కప్పుకున్నాను. దారికి అడ్డంగా ఉన్న పీట కాలితో పక్కకు జరిపాను. చాట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాను. ఆ మనిషి బండ దించాడు, ఖాళీది ఎత్తుకున్నాడు, వెళ్ళిపోయాడు. నేనింకా తలుపు చాటునే ఉన్నాను.

మా అమ్మాయి సువార్త వచ్చి, "ఎవరికమ్మా దారిస్తున్నావు?" అంది.

ఎవరికని చెప్పను. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన పేరు నా నోటితో అనలేదు. ఓట్లు రాసుకునేవాళ్ళు ఇంటికొచ్చి పెద్దాయన పేరేంటని అడిగితే పక్కింటావిడ చేత చెప్పించాను. ఇప్పుడూ అనను. మామగారు, అంతే. నాకు సంతకం పెట్టడం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే సువార్త రాస్తోంది. నా మాటలు బాగుచెయ్యొద్దని, ఎలా వస్తే అలాగే రాయమని చెప్పాను.

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆ దగ్గు గురించే చెప్పాలి. మనిషి కంటే ముందు అదే వచ్చేది. రెండు దగ్గులు. మొదటిది పొట్టిది, రెండోది కాస్త సాగేది. ఇంటి మూల తిరగ్గానే దగ్గి ఆగేవారు. లోపల ఆడవాళ్ళు లేచి సర్దుకునేంతసేపు నేల చూస్తూ నిలబడి, ఆ తర్వాతే అడుగు వేసేవారు. నేను చేతిపంపు దగ్గర బట్టలు ఉతుకుతుంటే దగ్గేవారు. పెరట్లో తల ఆరబెట్టుకుంటుంటే దగ్గేవారు. నేను ఇంట్లో లేనని తెలిసినా దగ్గేవారు. ఒకసారి పుట్టింటి నుంచి వచ్చి రిక్షా దిగుతున్నాను. తాళం వేసిన ఇంటి ముందు ఆయన నిలబడి ఉన్నారు. దగ్గారు, ఆగారు, అప్పుడు తాళం తీశారు.

పక్కింటి కోటమ్మగారు అనేది, "మీ మావగారు రైలుగేటు లాంటోరమ్మా. ముందు గంట కొట్టి, ఆనక గానీ రారు."

మేము చర్చికి వెళ్ళేవాళ్ళమే. అయినా మామగారికి కోడలు ఎదురుపడకూడదన్న పద్ధతి మా ఇళ్ళలోనూ ఉండేది. ఎదురుగా కూర్చోవడం లేదు, సూటిగా మాట్లాడటం లేదు. ఏదన్నా చెప్పాలంటే మధ్యలో పిల్ల ఉండాలి. పిల్ల లేకపోతే నడవలో ఉన్న స్తంభానికి చెప్పేవాళ్ళం. "నూనె అయిపోయింది" అని నేను స్తంభంతో అంటే, సాయంత్రానికి నూనె వచ్చేది. ఇంటికి చుట్టాలొస్తే ఈ స్తంభం కథ చెప్పుకుని మా ఆయన తెగ నవ్వేవారు.

ఆయన పోయాక కూడా ఆ దగ్గు ఆగలేదు. ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. పప్పు తాలింపు పెడుతుంటే మూల మీద వినిపించేది. పొయ్యి తగ్గించి, పక్కకు తప్పుకుని, ఆయన ఆగేంతసేపు ఆగి, ఎవరూ రాకపోతే మళ్ళీ గరిటె పట్టుకునేదాన్ని. మా ఆయన నన్ను చూసేవారు. ఆయనా అప్పుడు తలెత్తి గుమ్మం వైపే చూసేవారు. ఇప్పుడు ఆయనా లేరు. వినేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

ఎమర్జెన్సీ పెట్టిన ఏడు మా అత్తగారు ఉయ్యూరులో పోయారు. దినాలు అయ్యాక మామగారు మా దగ్గరికి వచ్చేశారు. మేము భవానీపురంలో అద్దెకు ఉండేవాళ్ళం. మా ఆయన వన్‌టౌన్‌లో బట్టల కొట్లో గుమాస్తా. ఆ ఇంటికి పక్కనే కారు షెడ్డు ఒకటి ఉండేది. ఇల్లుగలాయన కారు అమ్మేసుకున్నాడు, షెడ్డు ఖాళీ. మామగారు రిక్షా దిగినప్పుడు బట్టల సంచి చంకలో ఇమిడింది. వడ్రంగం పనిముట్ల పెట్టె మాత్రం రిక్షా అతనూ మా ఆయనా చెరో పక్కన పట్టుకుని దించారు. ఆయన ఇంట్లోకి కూడా రాకుండా నేరుగా షెడ్డు చూడటానికి వెళ్ళారు. నేల మీద కారు నూనె మరకలు ఉంటే వాటి పక్కన గొంతుక్కూర్చుని, ఇక్కడ బల్ల, ఇక్కడ రంపాలు అని వేలితో గీసుకున్నారు. కాఫీ చల్లారిపోయింది.

మనిషి సన్నం. కళ్ళజోడు ఒక పక్క కాడ విరిగితే పురికొస కట్టి చెవికి తగిలించుకునేవారు. కనుబొమలు గుబురుగా ఉండేవి, వాటి నిండా రంపపు పొట్టే. తలంటి పోసుకున్నా కనుబొమల్లో మాత్రం మిగిలేది. బీడీ ముట్టేవారు కాదు. చెక్క ఉన్న చోట నిప్పుతో పనేంటని అనేవారు. ఏ చెక్క తెచ్చినా ముందు వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవారు. వింటున్నప్పుడు కళ్ళు మూసుకునేవారు. లోపల పగులు ఉంటే చప్పుడు మారుతుందట. బజారు నుంచి కొబ్బరికాయ తెస్తే కూడా అలాగే కొట్టి, విని, పిల్ల చేతిలో పెట్టి, "అమ్మకి చెప్పు, ఇది కుళ్ళింది" అనేవారు. పగలగొడితే కుళ్ళే ఉండేది, ఒకోసారి ఉండేది కాదు. లేనప్పుడు ఆ పూట పచ్చడి తలెత్తకుండా తినేవారు.

భవానీపురంలో అప్పుడే ఇళ్ళు లేస్తున్నాయి. తలుపులకీ కిటికీలకీ పని దొరికేది. పొద్దున మొదలుపెడితే రంపం చప్పుడు మధ్యాహ్నం దాకా. ఇక పొట్టు. అది రాని చోటు లేదు. ఉతికి ఆరేసిన చీర దులిపితే పొట్టు. బియ్యం కడిగితే నీళ్ళ మీద తేలేది. పాల మీద మీగడ కంటే ముందు అదే కట్టేది. పిల్ల చెవులు తుడిస్తే గుడ్డ పొట్టుతో ఎర్రగా వచ్చేది. నేను సువార్తను పిలిచి, తాతయ్య వినేలా, "పాల మీద తేలేది మీగడా పొట్టా అని తాతయ్యని అడగవే" అనేదాన్ని. అది వెళ్ళి అడిగేది. లోపల్నుంచి జవాబు వచ్చేది, "టేకు పొట్టు ఒంటికి బలమని అమ్మకి చెప్పు." కోటమ్మగారికి మాత్రం సంతోషం. వాళ్ళది పొట్టు పొయ్యి. డబ్బాలో పొట్టు కూరి వెలిగిస్తే పూటంతా మండుతుంది. రోజూ గోతం పట్టుకుని వచ్చేది.

అలా ఒక వేసవి గడిచింది. వానలు మొదలయ్యేసరికి సువార్తకు ఆయాసం పట్టుకుంది. ముందు జలుబు అనుకున్నాం. తర్వాత గుండెలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి తీసుకోవాలంటే భుజాలు చెవుల దాకా లేపేది. మెడ దగ్గర గుంట పడేది. అయిదేళ్ళ పిల్ల. పడుకోలేక, నా ఒళ్ళో కూర్చుని, నా రవిక గుడ్డ పిడికిట్లో పట్టుకునేది. దానికి ఏడవడానికి కూడా ఊపిరి ఉండేది కాదు.

డాక్టరు గారు అన్నీ చూసి, ఇంట్లో ఏం పని చేస్తారని అడిగారట. చెక్కపని అని మా ఆయన చెప్పగానే కలం కింద పెట్టేశారట. పొట్టూ ఈ పిల్లా ఒక చోట ఉండటానికి లేదు, ఏదో ఒకటి బయటికి పోవాల్సిందే అన్నారట. మా ఆయన ఇంటికొచ్చి ఈ మాట నాతో మెల్లగానే చెప్పారు. షెడ్డుకీ మాకూ మధ్య ఒక్క గోడ. రంపం ఆగిపోయింది. మళ్ళీ మొదలవలేదు.

తర్వాత చాలా రోజులు షెడ్డులో చప్పుడు లేదు. పిల్లకు కాస్త తెరిపి ఇచ్చింది. మామగారు మాత్రం ఎండిపోయారు. బల్ల ముందు కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ చేతుల్నే చూసుకుంటూ ఉండేవారు. కంచంలో అన్నం కలిపి అలాగే వదిలేసేవారు. మైలవరంలో మా ఆడపడుచు ఉంది. అక్కడికి వెళ్ళమని మా ఆయన అనలేరు. కొడుకు ఉండగా కూతురి ఇంట్లో తినడం మా వైపు తలవంపులు. పైగా వాళ్ళది రెండు గదుల ఇల్లు, బల్ల వేసుకునే చోటు లేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఆయన నడవ దాకా వచ్చి దగ్గారు. నేను వంటింట్లోకి తప్పుకున్నాను. మా ఆయనతోనే మాట్లాడారు గానీ, నాకూ వినపడాలని గొంతు పెంచారు.

"రంపం లేకండా నేనుండలేనురా. పిల్ల లేకండానూ ఉండలేను. పొట్టుని ఆపుతాను. ఆపలేకపోతే మైలవరం బస్సెక్కుతాను."

మా ఆయన నా వైపు చూశారు. నేను తలుపు చాటు నుంచి స్తంభంతో, "చూద్దాం" అన్నాను.

అప్పటి నుంచి ఆయన చేసిన పనుల్లో చెక్కపని సగం, పొట్టుపని సగం. షెడ్డు గుమ్మానికి గోతాలు కట్టి రోజూ తడిపేవారు. నేల మీద నీళ్ళు చల్లి గానీ రంపం పట్టేవారు కాదు. షెడ్డు ఇంటికి కృష్ణ వైపున ఉండేది, ఏటి గాలి వీస్తే పొట్టంతా మా మీదికే. అందుకని ఒక వెదురు కర్రకు చీర పేలిక కట్టి గోడ మీద పాతారు. పేలిక మా ఇంటి వైపు ఎగిరితే రంపం కింద పెట్టేయడమే. గాలి తిరిగేదాకా ఉలిపని చేసుకునేవారు. ఆ వీధి పిల్లలు అది ఏ పార్టీ జెండా తాతా అని ఏడిపించేవాళ్ళు.

అది చాలలేదు. కమ్మరి దగ్గర కొలిమికి గాలి కొట్టే చక్రం ఉంటుంది, చేత్తో తిప్పేది. పాతది ఒకటి తెచ్చి వెనక్కి తిప్పి బిగించారు, గాలి ఊదకుండా పీల్చేలాగ. పీల్చినదాన్ని పట్టడానికి సంచి కావాలి. ఒకరోజు గుమ్మంలో దగ్గి, మా అత్తగారి చీర ఒకటి గడప మీద పెట్టి వెళ్ళిపోయారు. నీలం మీద తెల్ల చుక్కలది. సువార్త వచ్చి, "తాతయ్య నిలువంత సంచి కావాలంట, రెండు మడతలు వేసి కుట్టమన్నాడు" అంది. ఆ చీరేనా అని అడగబోయి, సూది తీసుకున్నాను. చేతికుట్టు దగ్గర దగ్గరగా వేసి ఇచ్చాను. చక్రం తిప్పితే సంచి ఉబ్బేది. చూడి మేకలా ఉందని సువార్త కేకలు పెట్టి నవ్వేది. ఆయన ఆ సంచిని ఖాళీ చేసేటప్పుడు దులిపేవారు కాదు, మెల్లగా నిమిరి దించేవారు.

పొట్టు తగ్గిందా లేదా అని చూడటానికి సువార్త పలక తీసుకున్నారు. దాన్ని కడిగి ఆరబెట్టి పిల్ల తలవైపు కిటికీలో పెట్టమనేవారు. సాయంత్రం తెప్పించుకుని వేలితో గీసేవారు. గీత పడితే పొట్టు వచ్చినట్టు. ముతక పొట్టు సంచిలో ఆగింది గానీ, గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే మెత్తటి పిండి ఆగలేదు. అది గుడ్డలోంచి కూడా వచ్చేది. రోజూ గీత పడుతూనే ఉంది. సువార్తకు ఒక రోజు బాగుంటే రెండు రోజులు బాగుండేది కాదు. మామగారు పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టారని మా ఆయన చెప్పారు. ఉలులు నూనె గుడ్డలో చుట్టారట.

సర్దుతూ ఏం అనుకున్నారో, మళ్ళీ విప్పారు. షెడ్డు పైన గాలి కన్నాలకు చెక్కలు బిగించారు. సందుల్లో చింతగింజల జిగురుతో కాగితాలు అంటించారు. తలుపు అంచులకు పాత సైకిలు ట్యూబు కోసి మేకులు కొట్టారు. ఇక తలుపు వేస్తే చీమ దూరదు. పని చేసినంతసేపు తలుపు వేసే ఉండేది. పని అయ్యాక కూడా వెంటనే తీసేవారు కాదు. లేచిన పిండి నేలకు దిగేదాకా లోపలే కూర్చుని, నీళ్ళు చల్లి, ఎత్తి డబ్బాలో పోసి, అప్పుడు బయటికి వచ్చేవారు. పంపు కింద నెత్తిన నీళ్ళు పోసుకుని, పంచె మార్చుకుని, మూల మీద దగ్గి, ఆగి, ఇంట్లోకి వచ్చేవారు.

పలక మీద గీత పడటం మానేసింది. ఆయన ఒక రోజు చూశారు, మర్నాడు చూశారు, అద్దంలో చూసుకున్నట్టు అటూ ఇటూ తిప్పారు. సువార్తకు ఇచ్చి, "ఇక రాసుకో" అన్నారు.

పిల్ల కోలుకుంది. తొక్కుడు బిళ్ళ ఆడింది. వానలో తడిసినా కూత లేదు. బడికి నడవమంటే పరిగెత్తేది. డాక్టరు గారు గుండె మీద గొట్టం పెట్టి చూసి, ఇల్లు మారారా అని అడిగారట. మా ఆయనకు ఎంత గొప్పో. కొట్లో వాళ్ళను తీసుకొచ్చి, బయట నిలబెట్టి, "లోపల మా నాన్న కోత కోస్తున్నాడు, మీకేమన్నా రాలుతోందా?" అని అడిగేవారు. వాళ్ళు చేతులు తిప్పి చూసుకుని, ఏమీ లేదనేవాళ్ళు.

ఆ తర్వాత దివిసీమ ఉప్పెన వచ్చింది. అటు నుంచి వచ్చినవాళ్ళు చెప్పింది రాయించను. గోడలు మళ్ళీ లేపుకున్నవాళ్ళు తలుపుల కోసం మా చర్చివాళ్ళ ద్వారా కబురు చేశారు. తలుపు లేకపోతే ఆడపిల్లలు ఎలా పడుకుంటారని మామగారు వచ్చిన పనల్లా ఒప్పుకున్నారు. ఆ ఏడాది ఆయన ఎండ చూసింది తక్కువ. పొద్దున తలుపు పడేది, భోజనానికి తీసేవారు, మళ్ళీ పడేది.

దగ్గు ఎక్కువైంది అప్పుడే. కానీ ఆ ఇంట్లో ఆయన దగ్గుకి ఒకటే అర్థం. నేను పంపు దగ్గర ఉంటే దగ్గు వినిపించేది, బిందె వదిలి పక్కకు తప్పుకునేదాన్ని. ఆయన వచ్చేవారు కాదు. మళ్ళీ పంపు దగ్గరికి వెళితే మళ్ళీ దగ్గు. నేను దారిలో ఉన్నాననుకుని ఆగుతున్నారేమో అని ఇంకా లోపలికి వెళ్ళేదాన్ని. పెద్దవయసులో చాదస్తం పెరిగింది అనుకున్నాం. మా ఆయన, "నాన్నకి మర్యాద ముదిరింది" అనేవారు. కోటమ్మగారు, "గేటు ఎన్నిసార్లు వేస్తాడమ్మా, రైలు రాదు కదా" అంది. అందరం నవ్వుకున్నాం. ఆయన వింటే ఆయనా నవ్వి ఉండేవారు.

ఒక మధ్యాహ్నం అన్నం పొయ్యి మీద ఉంది. మూల మీద కాదు, గోడ అవతల నుంచి దగ్గు వచ్చింది. భోజనానికి వస్తున్నారని పెరట్లోకి తప్పుకున్నాను. మళ్ళీ దగ్గారు. ఇంకా పక్కకు జరిగాను. ఎంతకీ రారు. దగ్గు మాత్రం వస్తోంది. అన్నం మాడిన వాసన వస్తోంది. ఆయన నడవలోకి వచ్చేస్తే ఎదురుపడతానని వంటింట్లోకి వెళ్ళలేను. అలా నిలబడిపోయాను. బడి లేని రోజు, సువార్త ఇంట్లోనే ఉంది. తాతయ్య వస్తున్నారేమో చూడమని పంపాను. అది షెడ్డు తలుపు బయటి నుంచే పిలిచి, తిరిగొచ్చి చెప్పింది. "తాతయ్య రావట్లేదమ్మా. దగ్గుతానే ఉన్నాడు."

అప్పుడు నేను షెడ్డు వైపు పరిగెత్తాను.

ఆయన లోపల ఉండగా నేను షెడ్డులోకి ఎప్పుడూ వెళ్ళలేదు. గోతాలు తప్పించి తలుపు లాగాను. లోపల ఏమీ కనపడలేదు. మంచు పట్టినట్టుంది. బల్బు ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. కాసేపటికి బల్ల కాలు కనిపించింది. ఆ కాలు పట్టుకుని నేల మీద కూర్చున్న మనిషి కనిపించారు. జుట్టు, మీసం, పంచె, అంతా ఒకటే రంగు. చెక్కలోంచి చెక్కిన మనిషిలా ఉన్నారు, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. నన్ను చూసి చెయ్యి లేపారు. రమ్మంటున్నారనుకున్నాను.

"తలుపు వెయ్యమ్మా," అన్నారు. "పిల్ల ఇంట్లో ఉంది."

కాపురానికి వచ్చాక ఆయన నాతో సూటిగా అన్న మొదటి మాట అది. నేను లోపలికి అడుగు వేసి, తలుపు నా వెనక లాగేశాను.

ముక్కుకు కొంగు కట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ముంతలో నీళ్ళుంటే తాగించాను. నీళ్ళ మీద కూడా పొట్టు తేలుతోంది. బయటికి వెళదాం మావయ్యగారూ అన్నాను. తల అడ్డంగా ఊపారు. పిండి ఇంకా దిగలేదన్నారు. అది ఎలా దిగుతుందో, ముందు ముతకది, తర్వాత మెత్తనిది, చివరికి కంటికి కనపడనిది, చేత్తో చూపించారు. నోట్లోంచి మాట రావడం లేదు, చెయ్యి చెబుతోంది. నా జుట్టు మీద, చేతుల మీద అది దిగడం నాకు తెలుస్తూనే ఉంది. బరువు లేదు. ఎవరో చాలా మెల్లగా దుప్పటి కప్పుతున్నట్టుంది. ఇప్పటికీ ఒక్కోసారి పగటిపూట ఒంటరిగా కూర్చుంటే ఆ దుప్పటి నా మీదికి దిగుతుంది. చెయ్యి దులుపుకుంటే ఏమీ ఉండదు.

కాసేపటికి ఆయన ముక్కు ఎగపీల్చి, "అన్నం మాడినట్టుంది" అన్నారు.

"మాడింది," అన్నాను.

ఇద్దరం నవ్వాం. నవ్వితే ఆయనకు మళ్ళీ దగ్గు తెర వచ్చింది. తగ్గాక రుమాలు మడిచి బొడ్లో దోపుకున్నారు, నేను చూడకుండా. దాని మీద ఎరుపు నేను చూశాను.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే ఫోటో తీశారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు, చెయ్యడానికి పెద్దగా ఏమీ లేదన్నారు. ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదని డాక్టరు గారు గట్టిగా అడిగారు.

"మర్యాదకి దగ్గుతున్నాడనుకున్నామండీ," అన్నారు మా ఆయన.

డాక్టరు గారికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నారు. మా ఆయన ఫోటో తీసుకుని బయటికి నడిచారు.

నడి గదిలో, కిటికీ పక్కన మంచం వేశాం. నన్ను "అమ్మా" అని నేరుగానే పిలిచేవారు. స్తంభంతో పని తీరిపోయింది. కానీ పిల్లను మాత్రం గదిలోకి రానిచ్చేవారు కాదు. తన లోపల ఉన్నదంతా పొట్టేనని, దగ్గితే అది బయటికి వచ్చి పిల్ల మీద పడుతుందని ఆయన భయం. అలా జరగదని డాక్టరు చెప్పారు, మా ఆయన చెప్పారు, పాస్టరు గారు కూడా చెప్పారు. విన్నట్టే తల ఊపేవారు. సువార్త గుమ్మంలో కనపడితే చాలు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు బిగబట్టేవారు. ముఖం నల్లబడేది, మెడ నరాలు తాళ్ళలా లేచేవి. ఆయన దగ్గడం కోసం నేను పిల్లను ఏదో ఒక పని చెప్పి వీధిలోకి పంపేదాన్ని.

దానికి కోపం వచ్చింది. తనంటే తాతయ్యకు ఇష్టం పోయిందని మూతి ముడుచుకుని తిరిగింది. ఎందుకో దానికి చెప్పొద్దని ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు. తెలిస్తే ఊపిరి తీసుకున్నప్పుడల్లా గుర్తొస్తుందన్నారు. ఇన్నేళ్ళూ దాచాను, ఇప్పుడు దాని చేతే రాయిస్తున్నాను.

ఒక ఉదయం ఆయనకు కాస్త తెరిపిగా ఉంది. గంజి రెండు గుక్కలు తాగారు. దగ్గు కూడా లేదు. అది బాగుపడటం అనుకున్నాను.

"సువార్త ఏదమ్మా?"

"బడికి తయారవుతోంది, మావయ్యగారూ."

"కిటికీ అవతలికి రమ్మను."

వచ్చి నిలబడింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. మూతి ముడిచే ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

"పంపు దాకా పరిగెత్తిరావే," అన్నారు.

అది నా వైపు చూసింది. వెళ్ళమన్నాను. పుస్తకాల సంచి కింద పెట్టి పరిగెత్తింది. తిరిగొచ్చి కిటికీ ఊచలు పట్టుకుని రొప్పుతూ నిలబడింది. మామగారు కళ్ళు మూసుకున్నారు. తల కొంచెం వంచి చెవి కిటికీ వైపు పెట్టారు.

"నోరు మూసుకుని పీల్చు," అన్నారు. అది పీల్చింది. "వదులు." వదిలింది. దాని ఊపిరి ఊచల మధ్య నుంచి లోపలికి వస్తోంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. నేనూ వింటున్నాను. ఏమీ లేదు. వట్టి గాలి, పోతోంది, వస్తోంది.

"కూత లేదు," అన్నారాయన. నాతో అన్నారో, తనలో తను అనుకున్నారో. "ఇంకోసారి. ఈసారి గేటు దాకా."

అది ఇంకో ఆటనుకుంది. మూతి ముడుపు పోయింది. నవ్వుకుంటూ పరిగెత్తింది. నేను కిటికీలోంచి దాన్నే చూస్తున్నాను. గేటు ముట్టుకుంది, వెనక్కి తిరిగింది. వచ్చి ఊచలు పట్టుకుని, నోరు మూసుకుని, బుద్ధిగా పీల్చి, వదిలింది.

"విన్నావా తాతయ్యా?" అంది.

నేను మంచం వైపు తిరిగాను. చెవి అలాగే కిటికీ వైపు ఉంది. కళ్ళు మూసుకునే ఉన్నారు. గుండె మీద దుప్పటి కదలడం లేదు.

"విన్నారమ్మా," అన్నాను. "ఈసారి కోటమ్మగారి ఇంటి దాకా వెళ్ళు. అమ్మ రమ్మంటోందని చెప్పు. పరిగెత్తే వెళ్ళు."

అది పరిగెత్తింది. గేటు దాటి, మలుపు తిరిగి, అడుగుల చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా ఆయన పక్కన నిలబడి విన్నాను. ఆ తర్వాతే ఏడ్చాను.